కూర్మారావు మాస్టారి తొంభై రెండు వాయిద్యాలు

పదిహేనేళ్ళు వాడి, మూడు మెట్లు ఇరుక్కుపోయి, వెనక మూత సెల్లోటేపుతో నిలబడిన కీబోర్డుని దాదాపు కొత్తదాని ధరకి అమ్మిన మొనగాడు పలాస, కాశీబుగ్గల్లో నేనొక్కడినే. బేరం ముగిశాక కొన్నాయనే నాకు టీ కూడా ఇప్పించాడు. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తెలివితక్కువ పని కూడా అదే. ఈ పొద్దున మా దుకాణం మేడ మీది గదిలో కంప్యూటర్ "టింగ్" మన్నప్పుడు అదంతా మళ్ళీ గుర్తుకొచ్చింది. ఇచ్ఛాపురం మెలోడీ పార్టీ వాళ్ళ పాత వాయిద్యాల ఫైళ్ళని కొత్త ఫార్మాట్‌లోకి మారుస్తున్నాను. ఆకుపచ్చ పట్టీ తెర మీద చివరిదాకా పాకి, టింగ్ మని, పని పూర్తయిందని చెప్పింది. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే హెడ్‌ఫోన్ మీదికి పోతుంది. కంప్యూటర్ పూర్తయిందంటే నమ్మకూడదని నాకు నేర్పినాయన కూర్మారావు మాస్టారు.

మాస్టారిది టెక్కలి. పాత బస్టాండు వెనక వీధిలో టైలరు షాపు మీద ఒంటి గది. బస్సుల హారన్లు లోపలికి రాకుండా తలుపుకి పాత పరుపు ఒకటి మేకులతో కొట్టి ఉండేది. ఒకప్పుడు ఆయన పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారు. వయసు మీద పడ్డాక ఊళ్ళు తిరగడం మానేసి, పిల్లలకి సంగీతం చెబుతూ ఆ గదిలోనే ఉండిపోయారు. మాది కాశీబుగ్గలో మూడు తరాల కిరాణా. నాకు మాటలకంటే ముందు ధరలు వచ్చాయని మా అమ్మ అంటుంది. ఇంటర్ చదివే రోజుల్లో కీబోర్డు పిచ్చి పట్టి, చుట్టుపక్కల మాస్టార్లందరి ఫీజులూ వాకబు చేసి, అందరికంటే తక్కువ తీసుకునే కూర్మారావు గారి గది మెట్లెక్కాను. ఆ తక్కువలో కూడా సగానికి తగ్గించమని అరగంట వాదించాను. టెక్కలికి బస్సు చార్జీ అన్నాను, నా తర్వాత మా వీధి పిల్లలు పదిమంది వస్తారన్నాను, రెండు వేళ్ళు ఇంట్లోనే సొంతంగా నేర్చుకున్నానన్నాను. ఆయన లవంగం నములుతూ అంతా విన్నారు.

"సరే సేటూ. సగం ఫీజుకే సెబుతాను. అయితే తెల్ల మెట్లే. నల్లవి ముట్టుకోవద్దు."

"అదేటి మాస్టారూ, నల్లవి లేకుండా పాట ఎలా వస్తాది?"

"సగం పాట వస్తాది. నువ్వడిగిందదే గదా."

నేను గెలిచాననుకుని మూడు వారాలు తెల్ల మెట్ల మీదే కుస్తీ పట్టాను. నాలుగో వారం పూర్తి ఫీజు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా చూపుడు వేలు పట్టుకుని ఒక నల్ల మెట్టు మీద ఉంచారు. అప్పటినుంచీ ఆయనకి నేను సేటునే. నా అసలు పేరు ఆయనకి గుర్తుందో లేదో నాకు చివరిదాకా తెలియలేదు.

పాఠాలు ఆయనకి బతుకుతెరువు. ప్రాణమంతా ఇంకోచోట ఉండేది. ఆ కీబోర్డుకి బయటి శబ్దాల్ని తనలో దాచుకునే గుణం ఉంది. సన్నాయి వాయించే మనిషి చేత ఒక్కో స్వరం విడివిడిగా ఊదించి, మైకుతో పట్టి, ఒక్కోదాన్ని ఒక్కో మెట్టుకి అతికిస్తే, ఆ తర్వాత మెట్టు నొక్కినప్పుడల్లా ఆ మనిషి సన్నాయే పలుకుతుంది. మాస్టారు అలా ఉద్దానం పల్లెలన్నీ తిరిగి వాయిద్యాలు పోగుచేశారు. జముకు, తుడుము, తప్పెటగుళ్ళ రేకు, కోలాటం కర్రలు, పేరు తెలియని ఒక తీగ వాయిద్యం. మొత్తం తొంభై రెండు. ఒక్కోదానికి ఒక్కో చీటీ ఉండేది. ఆర్కెస్ట్రా రోజుల్లో పోగైన పాత శుభలేఖల్ని చింపి, వాటి వెనక తెల్లగా ఉన్న వైపు వాయిద్యం పేరు, ఊరు, వాయించినవాళ్ళ పేరు రాసేవారు. అన్నిటికంటే కింద "విన్నది" అని రాసి సంతకం పెట్టేవారు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ప్రతి శబ్దాన్నీ కళ్ళు మూసుకుని వింటే గానీ ఆ సంతకం పడేది కాదు.

నీలయ్య గారి సన్నాయిని పట్టిన రోజు నేను కూడా వెళ్ళాను. సోంపేట దాటాక జీడితోటల మధ్య చిన్న ఊరు ఆయనది. చుట్టుపక్కల ఏ పెళ్ళైనా, ఏ అమ్మవారి సంబరమైనా ఆయన సన్నాయి లేకుండా కదిలేది కాదు. తోటలో గాలి ఆగేదాకా కూర్చున్నాం. గాలి ఆగితే కాకి అరిచేది. కాకి ఆగితే ఎవరిదో మోటారు సైకిలు వచ్చేది. అన్నీ ఆగాక నీలయ్య గారు సన్నాయి నోట్లో పెట్టుకుని, చప్పుడు రాకుండా మెల్లగా గాలి పీల్చుకున్నారు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"నీలయ్యా, ఊపిరి దాసకు. రోజూ ఎలా పీలుత్తావో అలాగే పీల్చు."

"మైకులో బుస్సుమంటాది గదా మాస్టారూ?"

"అననీ. పాము కాదు గదా, మనిషే గదా."

పన్నెండు స్వరాలకి మధ్యాహ్నం మొత్తం పట్టింది. ఒక్కో స్వరానికి మా ఇద్దరి బస్సు చార్జీ, టీ, టిఫిను కలిపి ఎంత పడిందో నేను మనసులో లెక్కేశాను. గిట్టుబాటు కాదని తేల్చాను కూడా.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. నేను దుకాణంలో స్థిరపడి, మేడ మీద ఒక కంప్యూటర్ పెట్టుకుని, చిన్న చిన్న రికార్డింగులు చేస్తున్నాను. మాస్టారి కీబోర్డు ముసలిదైపోయింది. తెర మీది అక్షరాలు సగమే కనిపించేవి. ఆయన కళ్ళలో శుక్లాలు రావడంతో ఆ సగం కూడా కనిపించేవి కావు. ఒకరోజు నన్ను పిలిచి, "ఇది సచ్చిపోయేలోగా లోపలున్నోళ్ళని బయటికి తియ్యాల సేటూ. నీ కంప్యూటర్లోకి మార్చు," అన్నారు. వాయిద్యాలు అనలేదు, లోపలున్నోళ్ళు అన్నారు.

ఈ మార్చడమంటే ఏమిటో మా భాషలో చెప్పాలంటే, గోనె సంచుల్లో ఉన్న సరుకుని డబ్బాల్లో పోసి పేర్లు అంటించడమే. ఒక్కో వాయిద్యం ఫైలులో బోలెడు చిన్న చిన్న శబ్దాలుంటాయి. ఏ మెట్టుకి ఏది పలకాలి, మెల్లగా నొక్కితే ఏది, గట్టిగా నొక్కితే ఏది, వేలు తియ్యకపోతే ఎక్కడినుంచి ఎక్కడిదాకా తిరిగి తిరిగి పలకాలి అనే పట్టిక కూడా ఉంటుంది. ఒక కంపెనీ రాసుకున్న పట్టిక ఇంకో కంపెనీ యంత్రానికి అర్థం కాదు. దాన్ని చదివి కొత్త పద్ధతిలో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని తెలిసింది. ఉచితంగా ఇచ్చే నమూనా ఒక్కో వాయిద్యంలో సగం మెట్లే మార్చేది. నల్ల మెట్ల సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను గానీ బుద్ధి రాలేదు. దాన్ని తయారు చేసినాయన ఏదో చలిదేశంలో ఉంటాడు. ఆయనకి మెయిల్ రాసి బేరమాడాను. ధర తగ్గిస్తే మా ప్రాంతంలో ఇంకో పదిమంది కొంటారన్నాను. ఆ పదిమంది కొన్నాక చూద్దామని ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. ఆయన మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాడేమో అనిపించింది.

పూర్తి ధరకి కొన్నాను కాబట్టి దాని చేత పూర్తి పని చేయించుకోవాలనుకున్నాను. అందులో చాలా గడులున్నాయి. టిక్కు పెడితే ఆ పని కూడా చేసి పెడుతుంది. ఒక గడి, శబ్దాల్లోని నిశ్శబ్దాన్ని కత్తిరించి చోటు మిగులుస్తానంది. ఖాళీ కొట్టుకి అద్దె కట్టే వాడెవడు? టిక్కు పెట్టాను. తొంభై రెండూ వరసగా పెట్టి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి టింగ్ మంది. ఫైళ్ళన్నీ ముప్పావు వంతుకి తగ్గాయి. ఒకే సరుకు గోడౌనులో రెండు పేర్లతో ఉండకూడదని, అది ఎలకలకే లాభమని మా నాన్న చెప్పేవారు. పెన్‌డ్రైవ్‌లో కీబోర్డు నుంచి తెచ్చిన అసలు ఫైళ్ళు ఆ లెక్కన మూలపడ్డ సరుకే. తుడిచేశాను. ఇక కీబోర్డు ఎందుకని, మాస్టారు సరేనన్నాక సోంపేటలో భజన పార్టీ నడిపే గున్నయ్యకి అమ్మేశాను. నేను మొదట్లో గొప్పగా చెప్పిన బేరం అదే. ఆ డబ్బు కవరులో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు మాస్టారు దాన్ని తెరిచి కూడా చూడలేదు.

"అన్నీ ఇన్నావా?"

"పూర్తయిందని వచ్చింది మాస్టారూ, ఒక్క తప్పు కూడా చూపించలేదు."

"అదేటన్నాదని అడగనేదు. నువ్వు ఇన్నావా?"

"విన్నాను."

అంత తేలిగ్గా అబద్ధం వచ్చేసింది. కొలత సరిగ్గా ఉందా అని గిరాకీ అడిగినప్పుడు చూడకుండానే ఉందనేసే అలవాటు నాలుకది. ఆయన శుభలేఖ చీటీల కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. సంతకం చెయ్యమన్నారు. తన పేరు కింద నా పేరు. తొంభై రెండిటి మీదా చేశాను.

ఆ వేసవిలో నీలయ్య గారి ఊళ్ళో అమ్మవారి సంబరం వచ్చింది. కొన్నేళ్ళకి ఒకసారి చేస్తారు. ఘటాలు ఊరంతా తిరిగేటప్పుడు ముందు సన్నాయి నడవాలి. ముప్పై ఏళ్ళుగా నడిచింది ఆయనే. కానీ అప్పటికి రెండేళ్ళుగా ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళుతున్నారు. ఆ ఊళ్ళో కిడ్నీలు పాడైంది ఆయనొక్కరికే కాదు కాబట్టి దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. సన్నాయి ఊదడానికి మాత్రం దమ్ము చాలడం లేదు. వేరే వాళ్ళని పిలవడం ఊరివాళ్ళకి ఇష్టం లేదు. ఘటాల ముందు ఆటోలో స్పీకర్లు పెట్టి, కంప్యూటర్లో ఉన్న నీలయ్య గారి సన్నాయినే నేను వాయించాలని మాస్టారితో మాట్లాడుకున్నారు. సంబరానికి నాలుగు రోజుల ముందు, ఒకసారి ఆయనకి వినిపిద్దామని వెళ్ళాను. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. అమ్మవారిని లేపే వరస వాయించాను. రెండు నిమిషాలు విని చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఇదేటి బావూ. నా పీక నొక్కి ఊదించినట్టున్నాది."

"మీదే గదండీ. ఆ రోజు తోటలో పట్టిందే."

"నాదే. నాను పీల్చకుండా ఊదినట్టున్నాది. పీల్చకుండా ఎవుడు ఊదుతాడు? ఊపిరేదీ?"

అప్పుడు విన్నాను, మొట్టమొదటిసారి. ప్రతి స్వరమూ గొడ్డలితో నరికిన కొమ్మలా మొదలవుతోంది. నిశ్శబ్దాన్ని కత్తిరించమంటే ఆ సాఫ్ట్‌వేర్ దాని లెక్కలో నిశ్శబ్దమనిపించిన దాన్నల్లా కత్తిరించేసింది. మనిషి గాలి పీల్చుకోవడం దానికి ఖాళీగా కనిపించింది. నాకు మాత్రం ఇంకోలా కనిపించిందా?

నీలయ్య గారికి కోపం రాలేదు. "నా పేరు మీద ఇది వాయించకండి బావూ. ఒరిస్సా నుంచి ఎవుళ్నైనా తెచ్చుకోమని ఊరోళ్ళకి సెప్తాను. ఊపిరున్నోడు ఊదుతాడు," అన్నారు మెల్లగా.

టెక్కలి వెళ్ళి మాస్టారికి అంతా చెప్పాను. వినలేదని కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే అక్కడికి ఒక బేరం తెగినట్టుండేది నాకు. మేకుకున్న చొక్కా తీసి తొడుక్కున్నారు. నేనిచ్చిన కవరు జేబులో పెట్టుకున్నారు.

"పద, సోంపేట. గున్నయ్య దగ్గర నువ్వు మాత్రం నోరిప్పకు."

గున్నయ్య ఇంటి ముందు కొబ్బరి మట్టల నీడలో కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. మాస్టారు కూర్చోకుండానే కవరు తీశారు.

"గున్నయ్యా, మా సేటు నీకు దీన్ని శానా ఎక్కువకి అమ్మీసినాడు. పైనున్న డబ్బు తీసీసుకో. లోపలున్న ఫైళ్ళు ఒకసారి కాపీ సేసుకోనీ."

గున్నయ్య నావైపు చూసి నవ్వాడు. "ఎక్కువకని నాకు తెల్దా మాస్టారూ? ఈ సచ్చిన పెట్టి ఎవుడిక్కావాల. సేటు బావ మెట్లు బాగున్నాయని, మూత బాగున్నాదని గంటసేపు కట్టపడి సెప్తన్నాడు. లోపల మీ వాయిద్యాలున్నాయన్న మాట ఒక్కసారీ అన్నేదు. అడిగితే ధర పెంచీగలడని నానూ నోరిప్పనేదు. గమ్మున కొనీసినాను."

నా గొప్ప బేరం అసలు స్వరూపం అది. పాత పెట్టెని ఎక్కువకి అమ్మాననుకున్నాను. ఒక మనిషి జీవితకాలపు పనిని పెట్టె ధరకి కట్టబెట్టి, పైగా టీ తాగి వచ్చాను.

"అయితే డబ్బు వద్దు మాస్టారూ," అన్నాడు గున్నయ్య. "మీరు బాగుసేసినాక నాకూ ఒక కాపీ ఇయ్యండి. కానీ ఒకమాట సెప్పాల. కొత్త డ్రమ్ములకి సోటు సాలక కొన్ని తీసీసినాను."

మాస్టారి మొహం చూడలేక నేను కీబోర్డు మీద గుడ్డ తీశాను. తెర మీద సగం అక్షరాల్లో పేర్లు వెతుకుతూ పోయాం. జముకు లేదు. తీగ వాయిద్యం లేదు. నా వేలు కిందికి పోతున్నకొద్దీ పేర్లు తగ్గుతున్నాయి. గున్నయ్య మా వెనక నిలబడి, మేము దేనికోసం చూస్తున్నామో పోల్చుకున్నాడు.

"నీలయ్య సన్నాయా? అది తియ్యనేదు. తీసీడానికే కూకున్నాను గానీ సెయ్యి ఆడ్నేదు. నా పెళ్ళికి ఊదింది ఆడే."

తర్వాతి రెండు రోజులు పరుపు కొట్టిన తలుపు వేసుకుని టెక్కలి గదిలో కూర్చున్నాం. ఈసారి ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఒక్కో వాయిద్యమే మార్చాను. టింగ్ మన్నాక మాస్టారు కళ్ళు మూసుకునేవారు, నేను ఒక్కో మెట్టూ నొక్కేవాణ్ణి. తేడా ఉంటే ఆయన వేలు లేచేది. ఒకచోట పట్టిక ఒక మెట్టు పక్కకి జరిగింది. ఇంకోచోట తిరిగి మొదలయ్యే దగ్గర చిన్న తుమ్ములాంటి చప్పుడు. మొదట్లో ఆయన వేలు లేచాకే నాకు తెలిసేది. రెండో రోజు సాయంత్రానికి ఒకసారి నా చెయ్యి ఆయన వేలికంటే ముందు ఆగింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "ఆ, అద్గదీ," అన్నారు. ఆయన దగ్గర నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

సంబరం నాడు ఆటోలో కూర్చుని సన్నాయి ఎత్తాను. స్పీకర్లలోంచి మొదట ఊపిరి వచ్చింది, వెనకే స్వరం వచ్చింది. పక్క అరుగు మీద కుర్చీలో నీలయ్య గారున్నారు. వరస మొత్తం పూర్తయ్యేదాకా కదలకుండా విని, నన్ను దగ్గరికి పిలిచారు.

"మూడోది ఆ రోజు కాసింత ఎక్కువ ఊదీసినాను," అన్నారు. "ఇంకోపాలి పట్టమని మాస్టారికి అప్పుడే సెప్పవలిసింది."

అంటే తప్పు నాది కాదు, ఆయనది. నేను ఆ పూటంతా నవ్వుతూనే వాయించాను. ఘటాలు ఊరు దాటేదాకా వెనక నడిచేవాళ్ళలో ఒక్కరు కూడా సన్నాయి ఎవరిదని అడగలేదు.

నీలయ్య గారు ఇప్పుడు లేరు. మాస్టారు కూడా లేరు. ఇద్దరూ నిండుగా బతికే వెళ్ళారు కాబట్టి అది దుఃఖంగా రాయడం లేదు. మాస్టారు చివరి రోజుల్లో చీటీల కట్ట నాకే ఇచ్చారు. ఇవాళ శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా పాత కీబోర్డులున్న వాళ్ళు తమ వాయిద్యాలు మార్చుకోవడానికి మా మేడ మెట్లెక్కుతారు. ధర దగ్గర నేను ఇప్పటికీ మొండివాణ్ణే. త్వరగా ఇచ్చెయ్యమని ఎంత ఎక్కువ ఇస్తామన్నా, చివరి మెట్టు వినకుండా మాత్రం ఇవ్వను. ఏవి సరిగ్గా వచ్చాయి, ఏవి రాలేదు అనేది బిల్లు మీదే రాసి సంతకం పెడతాను. మాస్టారి పని తాలూకు బిల్లు మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మొత్తం వాయిద్యాలు తొంభై రెండు. గున్నయ్య దగ్గర అసలు రూపంలో దొరికినవి అరవై తొమ్మిది. దొరకని ఇరవై మూడిట్లో, ఊపిరితో పనిలేని డప్పులూ గంటలూ కర్రలూ పద్నాలుగు. కత్తిరించినా వాటికి నష్టం లేదని మాస్టారే విని ఒప్పుకున్నారు. మిగిలిన తొమ్మిదిట్లో రెండిటిని వాయించిన మనుషులు అప్పటికి బతికున్నారు, వెళ్ళి మళ్ళీ పట్టాం. మిగతా ఏడూ మొదళ్ళు తెగి అలాగే ఉన్నాయి, ఇక ఎప్పటికీ అలాగే ఉంటాయి. వాటి చీటీల మీద నా సంతకం కొట్టేశాను. విన్నానని చెప్పి వినకుండా అప్పజెప్పినవి, తొంభై రెండు.